చీకటిబిలంలో మిగిలినవి

మొదటి రోజు
పట్టినవి: పదకొండు. మిగిలినవి: రెండొందల మూడు.

ఈ పుస్తకంలో రోజూ పై రెండు అంకెలు రాస్తే చాలని సూపర్‌వైజరు సారు ఫోనులో చెప్పినాడు. కానీ పేజీ అంతా ఖాళీగా మిగులుతుంది. పదిహేడేళ్లుగా ఇక్కడే పని, ఆటకు వచ్చినవాళ్లకు బిలంలో దారి చూపినదాన్ని. దారి పొడుగునా ఏదో ఒకటి చెప్తూ నడవడం అలవాటైపోయింది. అందుకని రాస్తున్నాను. నా పేరు సుంకులమ్మ.

పదకొండు జీవాలూ, ఆట కోసం కంపెనీ తయారు చేసినవే, వాటంతట అవే వచ్చినాయి. పొద్దున ఏడింటికి బిలం నోటి దగ్గర తొట్టిలో మేత ఉండలు పోసినాను. చెవులపిట్టలు ఆరు, గులకరాయిలా ముడుచుకునే రాతిబుడ్డళ్లు ఐదు లోపలినుంచి వచ్చి తొట్టి చుట్టూ చేరినాయి. వల తియ్యాల్సిన పని కూడా లేకపోయింది. అవి తినడం అయిపోయేదాకా ఆగినాను. తర్వాత ఒక్కోదాన్ని ఎత్తి బుట్టలో పెట్టి టికెట్ల గదికి మోసుకుపోయినాను. ఆటకు వచ్చిన పిల్లలు వాటిని పట్టడానికి వాడిన బుట్టలే అవి.

టికెట్ల గదిలో నుస్రత్ డాక్టరమ్మ బల్ల మీద తెల్ల దుప్పటి పరుచుకుని కూర్చుంది. ప్రభుత్వం పంపిన పశువుల డాక్టరు. ఒక్కోదానికి ఒక సూది. అంతే, నిద్రపోయినట్టు తల వాలుస్తాయి. పదకొండోది అయ్యాక ఆమె చేతులు కడుక్కుని, "టీ దొరుకుతుందా సుంకులమ్మ గారూ?" అని అడిగింది. పెట్టి ఇచ్చినాను. తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చుంది.

మూడో రోజు
పట్టినవి: ఇరవై ఆరు. మిగిలినవి: నూట అరవై ఐదు.

బిలం దాటి దెయ్యాలపేటకు పోయినాము. రెండు కిలోమీటర్ల చీకటి. పెసర నా భుజమెక్కి కూర్చుంది. అది దివిటీపిల్లి. కడుపు నిండా తింటే దాని గొంతు కింద చర్మం లేత పెసరకాయ రంగులో వెలుగుతుంది. బిలంలో కంపెనీ ఎక్కడా బల్బు పెట్టలేదు. టార్చిలైటు కూడా తేనివ్వరు, ఆ తెల్ల వెలుగుకు జీవాలు బెదిరి చెల్లాచెదురవుతాయి. దివిటీపిల్లి తోడు ఉంటేనే చీకటి దాటగలరు, అదే ఆట. ఒకప్పుడు ఇట్లాంటివి పన్నెండు ఉండేవి. వయసు మీద పడి ఒక్కోటే పోయినాయి. ఇప్పుడు పెసర ఒక్కటే.

అవతల దెయ్యాలపేట. నలభై పాడుబడ్డ ఇండ్లు, ఒక గడియారం స్తంభం, ఒక సినిమాహాలు. పాడుబడినట్టు కనపడేలా కంపెనీ వాళ్లే కొత్తగా కట్టినారు. ఊరి మీద పెద్ద గుడ్డ పందిరి. దాని కింద మిట్టమధ్యాహ్నం కూడా సాయంత్రం ఏడైనట్టే ఉంటుంది. పిల్లలు బిలంలోనూ ఈ ఊళ్లోనూ జీవాలను పట్టి, పేరు పెట్టి, ఇక్కడే విడిచిపెట్టి పోయేవాళ్లు. ఇంటికి తీసుకుపోనిచ్చేవాళ్లు కాదు. మళ్లీ సెలవులకు వచ్చి ఆ పేరు పెట్టి పిలిస్తే అవి పరుగెత్తుకు వచ్చేవి. ఇండ్లలోనే కళ్లకు తగిలించుకుని ఆడే ఆటలు వచ్చినాక సెలవులకు రావడం మానేసినారు. ఆరేళ్లయింది.

గడియారం స్తంభం లోపలి గదిలో మద్దిలేటి మామ ఉంటాడు. అరవై మూడేళ్లు. ముందు బస్టాండులో అనౌన్సుమెంట్లు చెప్పేవాడు. ఇక్కడ ఊరి దెయ్యం గొంతు ఆయనది. వీధి వీధికీ స్పీకరు, ఆయన ముందర మైకు.

"ఏం సుంకులూ, నన్ను గూడా బుట్టలో పెట్టుకోని పోతావా?" అన్నాడు నన్ను చూసి.

"నువ్వు నా బుట్టలో పట్టవు మామా."

రిజిస్టరు తీసి కళ్లజోడు పెట్టుకున్నాడు. పిల్లలు పెట్టిన పేర్లన్నీ అందులో ఉన్నాయి. మైకులో నిదానంగా పిలిచినాడు. "జిలేబీ… పోలీసు… రాకెట్టు… హోంవర్కు… మా అత్త…"

ఎవరో పిల్లోడు నీడకుక్కకు 'మా అత్త' అని పేరు పెట్టిపోయినాడు. ఆ పేరు దగ్గర మామ ఎప్పుడూ ఒక్క క్షణం ఆగి నవ్వుతాడు. ఈ రోజూ నవ్వినాడు. నీడకుక్కలు సందుల్లోంచి వచ్చినాయి. నల్లగా, సన్నగా, అడుగుల చప్పుడు లేకుండా. స్తంభం ముందర వరసగా కూర్చున్నాయి.

"నా గొంతుకు పిల్లోళ్లు నిక్కర్లు తడుపుకునేవాళ్లు. వీటికి మాత్రం ఇది అన్నం పెట్టే గొంతు. ఆట ముగిసినాక రోజూ ఈ గొంతుతోనే మేతకు పిలిచినా" అన్నాడు మామ. మైకు ఆపి, మళ్లీ అన్నాడు, "ఈ పొద్దు దేనికి పిలిచినానో వాటికి తెలీదు."

ఆరో రోజు
పట్టినవి: ఐదు. మిగిలినవి: నూట నలభై ఎనిమిది.

డాక్టరమ్మను పెసర గురించి అడిగినాను. నా పేరు మీద రాయించుకుని ఇంటికి తీసుకుపోతానన్నాను.

"రాయడానికి నాకేం అడ్డంలేదు. ఏం పెడతారు?" అంది.

అదే సమస్య. ఈ జీవాలు కంపెనీ ఉండలు తప్ప ఇంకేదీ అరిగించుకోలేవు. పారిపోయినా బతక్కూడదని అట్లా తయారు చేసినారట. ఉండలు చేసే ఫ్యాక్టరీ మూతబడింది. కడపటి లారీ పోయిన వారం వచ్చింది. వచ్చిన ఉండలు ఇంకో ఇరవై నాలుగు రోజులే బాగుంటాయి. తర్వాత పాచిపోతాయి. నలభయ్యో రోజుకు దెయ్యాలపేట ఖాళీ చేసి బిలం మూసెయ్యాలని ఆర్డరు.

"మీరేమన్నా అలవాటు చెయ్యగలిగితే చూడండి. నేను వద్దనను" అంది డాక్టరమ్మ.

ఈ రోజు మేకపాలు పెట్టినాను. పెసర గిన్నె చుట్టూ రెండుసార్లు తిరిగి, నా మొహం చూసి, తాగింది. గంటకంతా కక్కుకుంది.

తొమ్మిదో రోజు
పట్టినవి: మూడు. చచ్చి కనబడింది: ఒకటి. మిగిలినవి: నూట ముప్పై ఒకటి.

రాగిసంగటి కక్కింది. ఉడకేసిన గుడ్డు కక్కింది. వేరుశెనగలు నూరి నీళ్లలో కలిపి పెడితే కక్కలేదు గానీ రాత్రంతా కడుపు పట్టుకుని ముడుచుకుందని దాని ఒళ్లు చూస్తేనే తెలిసింది. గొంతు వెలుగు సగమే ఉంది. ఉండలు రెండు పెడితే మళ్లీ వెలిగింది.

బిలంలో మూడో మలుపు దగ్గర ఒక చెవులపిట్ట రెండు బండల నడుమ ఇరుక్కుని చచ్చి పడి ఉంది. మేతకు రాలేకపోయింది. నోరు అందినంత మేర బండను నాకింది. రాయి నున్నగా అయి ఉంది. నాలుక సగం అరిగిపోయింది.

డాక్టరమ్మకు చూపించినాను. "చావడానికి ఎన్ని రోజులు పట్టి ఉంటుంది?" అని అడిగినాను.

"పదిహేను. ఇంకా ఎక్కువే కావచ్చు" అంది. దాన్ని గుడ్డలో చుట్టి, మిగతావాటి పక్కన తనే పెట్టింది.

అంతకుముందు పొద్దున టీ తాగుతూ మద్దిలేటి మామ అన్నాడు, "సూది ఎందుకు, ఇడిచిపెట్టేస్తే పోలా, వాటి బతుకు అవి బతుకుతాయి" అని. సాయంత్రం ఆ పిట్టను చూసినాక ఇంక ఆ మాట అనలేదు.

పన్నెండో రోజు
పట్టినవి: ఒకటి. మిగిలినవి: తొంభై నాలుగు.

జీవాలకు పేర్లు పెట్టినవాళ్లందరికీ కంపెనీ ఉత్తరాలు పంపింది. చివరిసారి చూడాలనుకుంటే రావచ్చని. వచ్చింది ఒక్కతే. తన్మయి అని, ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. బెంగుళూరునుంచి బస్సులో వచ్చింది. తొమ్మిదో ఏట ఇక్కడ ఒక నీడకుక్కను పట్టి 'బూందీ' అని పేరు పెట్టిందట.

బిలంలో నా కొంగు పట్టుకుని నడిచింది. "ఆంటీ, అప్పుడు కూడా మీరే తీసుకుపోయింది. ఈ మలుపులో గబ్బిలం వచ్చి నా జడకు తగిలింది. నేను ఏడిస్తే మీరు కథ చెప్పారు" అంది. నాకు గుర్తులేదు. ఏడ్చిన పిల్లలు అంతమంది. గుర్తుందనే చెప్పినాను.

దెయ్యాలపేటలో గడియారం స్తంభం ముందర నిలబడి పిలిచింది. "బూందీ! బూందీ!"

రాలేదు. సినిమాహాలు మెట్ల కింద దాని కళ్లు కనబడుతూనే ఉన్నాయి. వింటోంది గానీ కదలడం లేదు.

"మర్చిపోయిందేమో" అంది తన్మయి.

మద్దిలేటి మామ కిందికి దిగి వచ్చినాడు. "మర్సిపోలేదు తల్లీ. నీ గొంతు మారింది. అప్పుడు నువ్వు పిలిచిన గొంతుతో పిలువు."

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసింది. సిగ్గుపడింది. తర్వాత కళ్లు మూసుకుని, గొంతు సన్నం చేసి, ముక్కుతో మాట్లాడే చిన్నపిల్లలాగా పిలిచింది. "బూందీ దా! దా దా దా!"

బూందీ మెట్ల కిందనుంచి ఒక్క ఉరుకులో వచ్చింది. పదిహేనేండ్ల ముసలి కుక్క, వెనక కాళ్లు సరిగా లేవు, అయినా వచ్చింది. ఆమె పాదాల మీద తల పెట్టి పడుకుంది. ఆ అమ్మాయి నేల మీద కూర్చుండిపోయింది.

ముగ్గురం దాన్ని బుట్టలో పెట్టకుండా నడిపించుకుంటూ టికెట్ల గదికి తెచ్చినాము. డాక్టరమ్మ తన్మయిని అడిగింది, "పట్టుకుని కూర్చుంటారా? కొంచెం సేపే."

తన్మయి బల్ల దాకా వచ్చింది. సూది చూసింది. "నావల్ల కాదు మేడమ్. సారీ. నావల్ల కాదు" అంటూ బయటికి పోయింది. గేటు దాటి రోడ్డు మీదికి పోయిన అడుగుల చప్పుడు వినబడింది. బూందీ తల ఎత్తి తలుపు వైపే చూస్తోంది. దిగిపోవాలని చూసింది. నేను పట్టుకుంటే వణికింది.

అప్పుడు మద్దిలేటి మామ బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. దాని చెవి దగ్గర, అచ్చం ఆ అమ్మాయి చేసిన సన్నగొంతుతో, "బూందీ దా. దా దా దా" అన్నాడు. అది ఆయన గొంతని నేను చూస్తూ కూడా నమ్మలేకపోయినాను. బూందీ తల దించింది. డాక్టరమ్మ సూది వేసింది. ఆయన అంటూనే ఉన్నాడు. అది పోయినాక కూడా కొంచెంసేపు అంటూనే ఉన్నాడు.

పదమూడో రోజు
పట్టినవి: లేవు. మిగిలినవి: తొంభై నాలుగు.

మద్దిలేటి మామ మైకు ముందర కూర్చున్నాడు. రిజిస్టరు తెరిచినాడు. పొద్దున తొమ్మిదినుంచి పదకొండు దాకా ఒక్క పేరు పిలవలేదు.

"మామా" అన్నాను.

"నిన్న ఆ కుక్క నన్ను నమ్మింది సుంకులూ. ఆ పిల్లే అనుకోని నమ్మింది."

"భయం లేకుండా పోయింది కదా మామా. నువ్వు మేలే చేసినావు."

"ఏమో. నాకట్ల అనిపీలే." కళ్లజోడు తీసి రిజిస్టరు మీద పెట్టినాడు. "ముప్పై ఏండ్లు బస్సులొస్తాండాయని చెప్పినా, పోతాండాయని చెప్పినా. ఒక్క అబద్ధం చెప్పలే. ఇంక నా గొంతు పలకదు."

నేను మైకు తీసుకుని పిలిచి చూసినాను. రిజిస్టరులో మిగిలిన పేర్లు చదివి. ఒక్కటీ రాలేదు. నా గొంతుకు అవి ఎప్పుడూ మేతకు రాలేదు.

పదిహేడో రోజు
పట్టినవి: నాలుగు. మిగిలినవి: ఎనభై ఒకటి.

మామ ఈ రోజు వెళ్లిపోయినాడు. డోన్‌లో కూతురింటికి. ట్రంకుపెట్టె నేను మోసినాను. గేటు దగ్గర ఆటో ఎక్కేముందు పెసర గొంతు కింద వేలితో గీకి, "దీనికేమన్నా దొరికిందా తినేకి?" అని అడిగినాడు.

"ఇంకా లేదు."

"చూడు, చూడు" అన్నాడు. ఆటో కదిలినాక కూడా చెయ్యి బయటపెట్టి ఏదో చెప్పినాడు. ఇంజను చప్పుడుకు వినబడలేదు.

ఇప్పుడు దెయ్యాలపేటలో నేనూ పెసరా. ఇల్లిల్లూ వెదుకుతున్నాను. నన్ను చూస్తే జీవాలు పారిపోతున్నాయి. పదిహేడేళ్లలో ఒక్కటి కూడా నన్ను చూసి పారిపోలేదు. నా ఒంటికి టికెట్ల గది వాసన అంటుకుందేమో. వల వెయ్యాల్సి వస్తోంది. వలలో చిక్కిన నీడకుక్క అరవదు, వాటికి అరుపు లేదు, ఒళ్లంతా బిగుసుకుంటుంది. దాన్ని బుట్టలోకి తొయ్యడానికి నా మోకాలు వాడాల్సి వచ్చింది. ఇది రాయకూడదనుకున్నాను.

పందిరి గుడ్డ ఒకచోట చిరిగింది. సినిమాహాలు ముందర ఎండ పడుతోంది. ఆ ఎండలో చూస్తే ఊరంతా రంగులేసిన అట్టపెట్టెల మాదిరి ఉంది.

ఇరవై నాలుగో రోజు
పట్టినవి: రెండు. మిగిలినవి: నలభై ఆరు.

పెసరకు ఇప్పటిదాకా పెట్టి చూసినవి: మేకపాలు, సంగటి, గుడ్డు, వేరుశెనగలు, అరటిపండు, చేపపొడి, కొర్రజావ, తేనె, కొబ్బరినీళ్లు, డాక్టరమ్మ తెచ్చిన పసిపిల్లల పొడి. ఏదీ ఇమడలేదు. కానీ నేను పెట్టిన ప్రతిదీ తిన్నది. కక్కుతానని తెలిసి కూడా తింటుంది. నేను పెట్టినాను గదా అని.

డాక్టరమ్మకు తెలియకుండా ఒక పని చేసినాను. మంచి ఉండల మూటొకటి ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టి, గట్టిగా బిగించి, బిలం లోపలి వాగులో బండకు కట్టి ముంచినాను. ఆ నీళ్లు ఏడాది పొడుగునా మంచు మాదిరి ఉంటాయి. ఆ మూట చెడకుండా ఉంటే పెసరకు ఏడాదికి వస్తుంది. ఏడాదిలో ఏదో ఒక దారి దొరక్కపోదు.

ముప్పై మూడో రోజు
పట్టినవి: ఐదు. మిగిలినవి: తొమ్మిది.

బయటి గోదాములో ఉండలు మూడు రోజుల కిందటే పాచిపోయినాయి. జీవాలు ఆకలికి నీరసించి ఇప్పుడు సులువుగా దొరుకుతున్నాయి. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే జరిగింది.

వాగులోనుంచి డ్రమ్ము లాగినాను. మూత తియ్యంగానే తెలిసింది. ఉండల మీద తెల్ల బూజు, వేలు పెడితే లోపలంతా మెత్తని బురద. మూట అడుగున ఒక్కటన్నా బాగుంటుందేమోనని అన్నీ చిదిమి చూసినాను. పెసర నా భుజం దిగి వచ్చి ఆ బురదను వాసన చూసింది. తినబోతే చేత్తో అడ్డం పెట్టినాను. నా చెయ్యి నాకింది.

తిరిగి వచ్చేటప్పుడు దాని వెలుగు ఎంత తక్కువగా ఉందంటే నా పాదాలు నాకు కనబడలేదు. గోడ తడుముకుంటూ వచ్చినాను.

ముప్పై ఎనిమిదో రోజు
పట్టినవి: ఒకటి. మిగిలినవి: సున్నా.

నిన్నటికే మిగతావన్నీ అయిపోయినాయి. ఈ రోజు పెసర ఒక్కటే.

ఉండలు లేక ఎనిమిది రోజులయింది. గొంతు చల్లారిన బొగ్గులాగా ఉంది. ఎత్తుకుంటే ఎముకలు తగులుతున్నాయి. టికెట్ల గది దాకా ఎత్తుకునే పోయినాను.

డాక్టరమ్మ తలుపు మూసి, గొంతు తగ్గించి అంది, "సుంకులమ్మ గారూ, బిలంలో తప్పిపోయింది, దొరకలేదు అని రాయగలను. మీరు ఇంటికి తీసుకుపోండి. ఎవరూ అడగరు."

ఆ చెవులపిట్ట నాకిన రాయి గుర్తొచ్చింది.

"వద్దు మేడమ్" అన్నాను.

బల్ల మీద పెట్టలేదు. ఒడిలోనే పెట్టుకున్నాను. డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని అట్లే వేసింది. పెసర నా బొటనవేలు నోట్లో పెట్టుకుని ఉంది. పళ్లు ఆనించింది గానీ కొరకలేదు. కొంచెంసేపటికి పట్టు వదిలింది.

డాక్టరమ్మ అప్పుడు ఏడ్చింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి. నాకు ఏడుపు రాలేదు. పుస్తకంలో సున్నా రాసి సంతకం పెట్టినాను. సంతకం ఫొటో తీసి సూపర్‌వైజరు సారుకు పంపినాము. 'గుడ్' అని జవాబు వచ్చింది.

ముప్పై తొమ్మిదో రోజు

డాక్టరమ్మ పొద్దున వెళ్లిపోయింది. మిగిలిన మందు, సూదులు పెట్టెలో పెట్టి సీలు వేసి జీపులో తీసుకుపోయింది.

బిలం లోపల మూడో మలుపు దగ్గర నా కుర్చీ, నీళ్లకుండ ఉన్నాయి. తెచ్చుకుందామని పోయినాను. బెదిరిపోవడానికి ఇంక ఏముంది అని టార్చిలైటు తీసుకుపోయినాను. తెల్ల వెలుగులో బిలం ఎట్లా ఉంటుందో ఇన్నేండ్లలో మొదటిసారి చూసినాను. గోడల నిండా, నేల నిండా గులకరాళ్లు. కుండ ఎత్తబోతుంటే ఆ రాళ్లలో ఒకటి పరుగెత్తింది.

వంగి పట్టుకున్నాను. రాతిబుడ్డడు. నిమ్మకాయంత ఉంది. నాలుగు కాళ్లూ కడుపులోకి ముడుచుకుని గుండ్రంగా అయిపోయింది. రిజిస్టరులో ఉన్నవి పద్దెనిమిది, పద్దెనిమిదీ పెద్దవే, పద్దెనిమిదీ నేనే మోసినాను. ఇవి పిల్లలు పెట్టవని కంపెనీ కాగితంలో ఉంది. కానీ ఇది ఇక్కడ పుట్టింది.

వెల్లకిలా తిప్పి చూసినాను. కడుపు బొద్దుగా ఉంది. ఒళ్లు నిగనిగలాడుతోంది. తొట్టి దగ్గరికి ఏనాడూ రాలేదు, వస్తే నా కంట పడేది. ఇది ఏదో తింటోంది. ఉండలు కానిది, ఈ బిలంలో దొరికేది ఏదో తిని బతికింది.

నెల రోజులుగా నేను వెదికింది ఇక్కడే, నా కుర్చీ పక్కనే ఉంది.

రాళ్లు తిరగేసినాను. నాచు ఉందేమోనని గోళ్లతో గీకినాను. వాగు ఒడ్డున బురద తీసి చూసినాను. నాకేమీ కనబడలేదు. దాన్ని నేల మీద వదిలి ఎక్కడికి పోతుందో చూద్దామంటే భయానికి ముడుచుకునే ఉంది.

బయటికి వచ్చి సూపర్‌వైజరు సారుకు ఫోన్ చేసినాను. "సార్, ఒకటి దొరికింది. పిల్ల. ఇంకా ఉండొచ్చు. ఇది ఏదో తింటాంది సార్, అదేందో తెలిస్తే…"

"సుంకులమ్మా, సున్నా అని నువ్వే కదా సంతకం పెట్టావు?"

"పెట్టినాను సార్. అప్పుడు తెలీదు."

"ఆ కాగితం గవర్నమెంటుకు వెళ్లిపోయింది. రేపు పదింటికి సిమెంటు లారీ వస్తుంది. నువ్వు తాళాలు ఇచ్చేసి వెళ్లు. నీ పని నువ్వు బాగానే చేశావు."

సాయంత్రం దాకా వెదికినాను. టార్చి బ్యాటరీ అయిపోయింది.

నలభయ్యో రోజు

మేస్త్రీకి నా కొడుకంత వయసుంటుంది. సంగతంతా చెప్పినాను. చెయ్యి తెరిచి చూపించినాను. నలుగురు కూలీలూ చుట్టూ మూగి చూసినారు.

"లారీలో సిమెంటు మాలు తిరుగుతాంది అక్కా. గంట కంటే ఎక్కువ ఆపలేను. ఆ గంటా నీకిస్తా" అన్నాడు.

ఇచ్చినాడు. తనూ ఫోను లైటు వేసుకుని నాతోపాటు లోపలికి వచ్చినాడు. మూడో మలుపు దాకా ఇద్దరం మోకాళ్ల మీద పాకుతూ రాయీ రాయీ తట్టినాము. ప్రతి రాయీ రాతిబుడ్డడిలాగే ఉంది. ఏదీ కదలలేదు.

"లోపల ఏమన్నా ఉంటే అరుస్తాయి గదక్కా" అన్నాడు బయటికి వస్తూ.

"వీటికి గొంతు లేదప్పా."

ఆయన ఫోను లైటు ఆపినాడు. గొట్టం బిలం నోట్లో పెట్టించే ముందు, నన్ను ఒక్క నిమిషం చూసినాడు, నేను ఇంకేమన్నా అంటానేమోనని. నేను గుప్పిట మూసుకున్నాను. పన్నెండున్నరకంతా నోరు మూసుకుపోయింది. తాళాలు ఆయన చేతికే ఇచ్చినాను.

నలభై ఒకటో రోజు

నంద్యాల బస్సులో రాస్తున్నాను. చెల్లెలింటికి పోతున్నాను. రాతిబుడ్డడు టిఫిను డబ్బాలో ఉన్నాడు. మూతకు మేకుతో చిల్లులు కొట్టినాను. నిన్నటికీ ఈ రోజుకూ కడుపు కొంచెం లోపలికి పోయింది. వాగు బురద, నాచు, గులకలు, బిలం గోడనుంచి గీకిన మన్ను, అన్నీ తలా కొంచెం మూటకట్టుకుని తెచ్చినాను. ఒక్కోటే దాని ముందర పెడుతున్నాను. దేన్నీ ముట్టలేదు.

నా పక్క సీటులో ఒక పెద్దామె. సంతనుంచి వస్తోంది, కాళ్ల దగ్గర జామకాయల గంప. డబ్బాలోకి తొంగి చూసింది.

"ఏందమ్మా అది? తాబేలా?"

"రాతిబుడ్డడు."

"ఎంత ముద్దుగుండాడో! ఏం తింటాడు?"

"వాడికి తెలుసు. నాకు తెలీదు" అన్నాను.

ఆమెకు అది వింతగా అనిపించలేదు. గంపలోంచి మాగిన జామకాయ ఒకటి ఏరి, పంటితో చిన్న ముక్క కొరికి, వేలితో డబ్బాలో పెట్టింది. రాతిబుడ్డడు కాళ్లు బయటికి తీసినాడు. తల చాపినాడు. జామముక్కను వాసన చూసినాడు. ఇద్దరం వంగి చూస్తున్నాము. కొంచెంసేపు అట్లే ఉండి, తల తిప్పుకున్నాడు.

"పోనీలే" అంది ఆమె, నా చెయ్యి తడుతూ. "ఆకలైతే వాడే తింటాడు."

ఔనన్నాను. నంద్యాల ఇంకా ముప్పై కిలోమీటర్లు ఉంది.